డోర్నకల్‌కు ఒకరు, డర్బన్‌కు ఒకరు: 1903లో మొదలైన రెండు ప్రయాణాలు

మిషనరీ అనగానే మన ఊళ్ళలో ఇప్పటికీ కళ్ళముందు మెదిలేది ఒకటే బొమ్మ. నెత్తిన టోపీ పెట్టుకున్న తెల్లదొర, పక్కన దొరసాని, వెనకాల పెట్టెలు మోస్తూ మనవాళ్ళు. హనుమకొండలో మిషన్ కాంపౌండ్ గోడ పక్కనుంచి పోయే ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆ బొమ్మ అబద్ధమేమీ కాదు. 1879లో లాఫ్రిడ్జ్ అనే అమెరికన్ బాప్టిస్టు హనుమకొండలో మిషన్ తెరిచిన మాట నిజం. ఆ తర్వాత డాక్టర్ టింపనీ వచ్చి ఇక్కడ వైద్యం మొదలుపెట్టిన మాటా నిజమే. మా ప్రశ్నంతా పెట్టెలు మోసినవాళ్ళ గురించి. వాళ్ళు ఆ పెట్టెలు దించాక ఎక్కడికి పోయారు? ఇంటికేనా?

పీహెచ్‌డీకి ఈ అంశం తీసుకున్నామని చెప్పినప్పుడు వరంగల్‌లో మా మిత్రుడొకడు నవ్వాడు. "మనోళ్ళు మిషనరీలుగ పోవుడేంది? మిషనరీలే మన దగ్గరికొచ్చిన్రు గదా" అన్నాడు. ఆ మాటకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం. వాడు అనుకున్నదానికి రెండువైపులా చరిత్ర ఉంది. ఇక్కడికి వచ్చిన మిషనరీలందరూ తెల్లవాళ్ళు కారు. మనవాళ్ళు కూడా సముద్రం దాటి మిషనరీలుగా పోయారు. విచిత్రంగా ఈ రెండు ప్రయాణాలకూ మొదలు ఒకే సంవత్సరం, 1903.

ఆ ఏడాది ఫిబ్రవరిలో తమిళనాడు దక్షిణపు కొసన, తిరునెల్వేలిలో, అక్కడి భారతీయ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. వాళ్ళు పని కోసం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నా, 2016 జిల్లాల విభజన దాకా అది వరంగల్ జిల్లాయే. అదే 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టుల తరఫున జాన్ రంగయ్య అనే ఆయన భార్యాపిల్లలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, తెలుగు కూలీల దగ్గరికి పోయారు.

ఒక చోటికి మిషనరీ వచ్చాడు. ఇంకో చోటి నుంచి మిషనరీ పోయాడు. రెండింట్లోనూ తెల్లదొర లేడు, డబ్బు అమెరికాది కాదు.

తోళ్ళ బాట, కాలువ గట్టు

అసలు తెలుగు నేలమీద సువార్త ఏ దారిన నడిచిందో ముందు చూడాలి. పుస్తకాల్లో 1836లో విశాఖపట్నంలో దిగిన శామ్యూల్ డే, నెల్లూరు మిషన్, 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ, ఇలా దొరల పేర్లు వరసగా ఉంటాయి. ఆ వరసలో ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఎక్కడో మధ్యలో తగులుతుంది. పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవారు. అప్పటికే యోగమార్గంలో గురువుగా పేరున్న మనిషి. తోళ్ళ కోసం ఉత్తరాదికి, గోదావరి వైపు పోయినప్పుడు క్రైస్తవం గురించి విన్నారు. వెనక్కి వచ్చి తనవాళ్ళకు చెప్పారు. క్లౌ ఒంగోలుకు రాకముందే అక్కడి మాదిగ పల్లెల్లో ఆ మాట పాకి ఉంది. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాక, దొర బండి వెళ్ళలేని ఊళ్ళకు మాట వెళ్ళింది పేరయ్య నడకతోనే. చుట్టరికాల దారుల్లో, సంతల దారుల్లో వెళ్ళింది.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని కరువు కూలి ఇప్పించారు. పగలు మట్టి మోసినవాళ్ళు సాయంత్రం పనాగినప్పుడు ప్రసంగాలు విన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ళలో అత్యధికులు మాదిగలు. "బియ్యం కోసం మారారు" అన్న నింద ఆనాటిదే, ఈనాటికీ వినబడుతుంది. క్లౌ కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేసి, అది అయిపోయాకే ఇచ్చారన్న సంగతి మాత్రం నింద వేసేవాళ్ళు చెప్పరు.

ఇక్కడ గమనించాల్సింది పని దారి. తోళ్ళ బాట, కాలువ గట్టు. మనవాళ్ళు ముందు కూలికో, బేరానికో ఒక దారి పడతారు. మాట ఆ దారినే వెనకాల వస్తుంది. మిషన్ సొసైటీల మినిట్స్ పుస్తకాలు చూస్తే మిషన్ అంతా లండన్ నుంచో బోస్టన్ నుంచో బయల్దేరినట్టు కనిపిస్తుంది. మన పల్లెల వైపు నుంచి చూస్తే అది కూలి నుంచి బయల్దేరింది. డోర్నకల్‌కూ నేటాల్‌కూ కూడా ఇదే వర్తిస్తుందని మా వాదన.

మాటల్లో మాట. ఆనాటి రిపోర్టుల్లో అమెరికా నుంచి వచ్చినాయన 'మిషనరీ'. అదే పని రోజుకు పది మైళ్ళు నడిచి చేసిన మాదిగ ఉపదేశి 'నేటివ్ హెల్పర్'. ఈ రెండు మాటల మధ్య జీతంలో, ఇంట్లో, సమాధిరాయి మీద కూడా తేడా ఉండేది.

అరవ అయ్యగారు

డోర్నకల్ ఎందుకు? నిజాం రైల్వే మీద అది జంక్షన్. సింగరేణి బొగ్గు కోసం ఇల్లందు వైపు లైను విడిపోయేది అక్కడే. స్టేషన్ దాటితే చుట్టూ అడవి, దేశ్‌ముఖుల ఊళ్ళు, వెట్టి. మాలలు, మాదిగలు ఊరి పనులన్నీ కూలి లేకుండా చేయాల్సిన కాలం. బొగ్గుబావులూ రైలు పట్టాలూ వచ్చాకే వెట్టి నుంచి తప్పుకుని నాలుగు డబ్బులు కళ్ళజూసే దారి దొరికింది. మిషన్ కూడా ఆ రైలు దారినే వచ్చింది.

తిరునెల్వేలి క్రైస్తవులకు ఈ ఆలోచన ఇంగ్లాండు నుంచి రాలేదు. వి.ఎస్. అజరయ్య అప్పుడు వైఎంసీఏ కార్యదర్శి. 1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో బయటికి మిషనరీలను పంపుతుండటం చూశారు. అంతపెద్ద తిరునెల్వేలి సంఘం నుంచి ఒక్కరూ బయటికి పోలేదే అని సిగ్గుపడి వచ్చి, మరుసటి ఏడు సొసైటీ పెట్టించారు. మొదట వేరేవాళ్ళను పంపారు. చివరికి 1909లో తానే గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బుతో పిల్లలతో డోర్నకల్ వచ్చి స్థిరపడ్డారు.

ఆయనకు అది పరదేశమే. భాష వేరు, రాజు వేరు, తిండి వేరు, నాణెం కూడా వేరు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది. తెలుగు అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. సొంత దేశం లోపలే మిషనరీ పరదేశి కావడం అంటే ఇదే. వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం. మద్రాసు రాష్ట్రం దాటగానే అక్కడ ఆయన 'అరవాయన'. పల్లెల్లో తర్వాత్తర్వాత 'అయ్యగారు', 'తండ్రిగారు' అయ్యారు.

అజరయ్య పుట్టింది నాడార్ కులంలో. తిరువాన్కూరులో ఆ కులపు ఆడవాళ్ళు రొమ్ముమీద గుడ్డ కప్పుకోవడానికి పోరాడాల్సి వచ్చింది. గుడి వీధుల్లోకి రానిచ్చేవారు కారు. అట్లాంటి అవమానాలు పడ్డ కులం నుంచి వచ్చిన మనిషి, తనకంటే కిందికి నెట్టబడ్డ మాలల దగ్గరికి, మాదిగల దగ్గరికి వచ్చాడు. దీన్ని గొప్పగా చెప్పుకోవచ్చు. మేమైతే రెండో వైపు కూడా చూడాలంటాం. అంత దగ్గరి అనుభవం ఉన్నా, సంఘం లోపల మాల మాదిగ గోడను ఆయన పూర్తిగా కూల్చలేకపోయారు. ఒకరు ముందు చేరిన ఊళ్ళో రెండోవారు చేరడానికి జంకేవారు. ఒకే గుడి, ఒకే పాత్ర అని ఆయన పట్టుబట్టారు. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి పాత గీతలే మిగిలాయి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో లేచి, తెల్ల మిషనరీలు మాతో పని చేస్తారు గానీ మమ్మల్ని స్నేహితులుగా చూడరన్న అర్థం వచ్చేలా మాట్లాడి సభను ఇబ్బంది పెట్టారు. ఆ మాట వెనక డోర్నకల్ పొద్దులే ఉన్నాయని అనుకుంటాం. డోర్నకల్ మండలంలో క్రైస్తవులు 1941 నాటికి రెండు లక్షలు దాటారు, అత్యధికులు మాలలూ మాదిగలే. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన కతీడ్రల్ చూస్తే గుమ్మటాలు మసీదువి, స్తంభాలు మండపానివి. వరంగల్ నుంచి విజయవాడ పోయే రైల్లో కిటికీ పక్క కూర్చుంటే తెలుస్తుంది, అట్లాంటి గుడి ఇంగ్లాండులో ఉండదు.

1935లో యేవలాలో తాను హిందువుగా చావనని అంబేడ్కర్ ప్రకటించాక గాంధీకి ఈ సామూహిక మతమార్పిడులు పెద్ద సమస్యగా కనిపించాయి. మాలమాదిగలకు మతం ఎంచుకునేంత తెలివి లేదన్న ధోరణి ఆ విమర్శలో ఉంది. అజరయ్య దానికి ఒప్పుకోలేదు. అంబేడ్కర్ కూడా మిషన్లను వదిలిపెట్టలేదు. కులాన్ని లోపలికి రానిచ్చారని గట్టిగానే రాశారు. ఈ ముగ్గురిలో మాలపల్లె మాట ఎవరు విన్నారన్నది మరో వ్యాసం.

కూలీలు ముందు, పాస్టరు తర్వాత

ఇక డర్బన్. ఇది మాకు ఎక్కువ ఇష్టమైన కథ కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాం.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా భారతదేశం నుంచి నేటాల్‌కు గిరిమిట్ కూలీలుగా పోయినవాళ్ళు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు గుండానే పోయారు. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వేల సంఖ్యలో ఉన్నారు. ఉత్తరాన గంజాం, విశాఖపట్నం నుంచి దక్షిణాన నెల్లూరు, ఉత్తర ఆర్కాటు దాకా జిల్లాల పేర్లు ఆ ఓడ జాబితాల్లో కనిపిస్తాయి. ఆ జాబితాలు నేటికీ ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తు. కులం గడిలో 'మాల', 'మాదిగ', 'పరయా' అని రాశారు. కొందరికి ఆ గడిలోనే 'క్రిస్టియన్' అని రాశారు. రాసే గుమాస్తాకు క్రిస్టియన్ కూడా ఒక కులమే అన్నమాట! మన తహసీల్దారు ఆఫీసు ఈనాటికీ ఆ గుమాస్తాతో పూర్తిగా ఏకీభవించదు. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ఒప్పందం ఐదేళ్ళు. మగవాళ్ళకు మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆ తర్వాత ఏటా ఒక్కో షిల్లింగు పెంపు. ఆడవాళ్ళకు అందులో సగం. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె రేషన్. చీటీ లేకుండా ఎస్టేటు దాటితే పట్టుకుని జైల్లో పెట్టేవారు. 1895 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక ఇంటికి పోకుండా, మళ్ళీ గిరిమిట్ రాయకుండా స్వేచ్ఛగా ఉంటే తలకు ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి లెక్కన ఆరు నెలల జీతం. 1903లో ఆ పన్నును పదహారు దాటిన కొడుకులకూ పదమూడు దాటిన కూతుళ్ళకూ విస్తరించారు. సరిగ్గా రంగయ్య దిగిన ఏడు.

నేటాల్ ఉత్తర తీరంలో స్టాంజర్ దగ్గర కియర్స్‌నీ అని ఒక తేయాకు ఎస్టేటు ఉంది. యజమాని లీజ్ హ్యూలెట్. చక్కెర, తేయాకు వ్యాపారి, మెథడిస్టు. అక్కడి కూలీల్లో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. ఇంటి నుంచి పోయేటప్పుడు వాళ్ళు పట్టుకుపోయింది ఏముంటుంది? మార్చుకోను ఒక జత బట్టలు, ఒక బైబిలు, నోటికి వచ్చిన పాటలు. పాస్టరు లేకుండానే కూడుకుని ప్రార్థన చేసుకునేవారు.

బాప్టిస్టు పద్ధతి తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. ఆంగ్లికన్ సంఘంలాగా బిషప్ పంపితేనే గుడి అన్న నియమం బాప్టిస్టులకు లేదు. విశ్వాసులు పదిమంది కూడితే అదే సంఘం. అందుకే ఆ బ్యారక్కుల మధ్య సంఘం బతికింది. బాప్తిస్మం ఇవ్వడానికి, బల్ల ఆరాధన జరిపించడానికి, పెళ్ళి చేయడానికి, చచ్చినవాడిని సరిగా మట్టిచేయడానికి మాత్రం పాస్టరు కావాలి. నేటాల్‌లో తెల్ల బాప్టిస్టు గుళ్ళు లేకపోలేదు. వాళ్ళకు తెలుగు రాదు. వచ్చినా కూలివాడిని బల్ల దగ్గర పక్కన కూర్చోనిచ్చే కాలం కాదు. అందుకని కూలీలు తమ ఊరి సంఘాలకు ఉత్తరాలు రాశారు, మాకొక అయ్యగారిని పంపండని.

ఆ ఉత్తరాల దిశను చూడండి. సువార్త చీకటి ఖండానికి పోవాలని ఎక్కడో సభలో తీర్మానించి పంపలేదు. ఎస్టేటులో పని చేసే మనిషి పిలిచాడు, ఊరు పలికింది. అమెరికన్ మిషన్ నీడలోనే ఉన్నా, ఖర్చు భరించడానికి ముందుకు వచ్చింది తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సొసైటీ. మన సంఘాల్లో ఆడవాళ్ళు వండేముందు గుప్పెడు బియ్యం తీసి కుండలో వేయడం, ఆదివారం గుడికి తేవడం తెలిసిందే కదా. కరువులో గంజికి నిలబడ్డ తరం బతికి ఉండగానే, ఆ ఊళ్ళ కానుకలతో ఒక కుటుంబాన్ని ఖండం దాటించారు. బియ్యం కోసం మారారన్న నిందకు ఇంతకంటే సూటి జవాబు మాకు దొరకలేదు.

రంగయ్య డర్బన్‌లో దిగిన ఏడే, 1903 డిసెంబరు 27న, కియర్స్‌నీలో సంఘం కట్టారు. కట్టారంటే భవనం కాదు, మనుషుల్ని. అక్కడి నుంచి తీరం పొడవునా చెరకు తోటల్లో, రైల్వే బ్యారక్కుల్లో తిరిగారు. ఆ తిరుగుడులో మిషనరీ పని ఎంత, కొత్త దేశంలో నిలదొక్కుకునే పని ఎంత అని విడదీయలేం. ఎస్టేటులోకి అడుగు పెట్టాలంటే యజమాని అనుమతి కావాలి. కూలీకి తీరికుండేది ఆదివారమే. ఉత్తరాలు చదివి పెట్టాలి, రాసి పెట్టాలి. పిల్లలకు అక్షరాలు నేర్పాలి. రంగయ్య స్వతహాగా బడిపంతులు. ఆ పంతులుతనమే అక్కడ ఎక్కువ పనికొచ్చి ఉంటుంది.

కులం సముద్రం దాటిందా? విద్యార్థులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఓడలో అందరికీ ఒకటే వంట, ఒకటే డెక్కు. బ్యారక్కులో గోడకు అటు కాపు, ఇటు మాదిగ. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన వల్ల, ఆడవాళ్ళు తక్కువై, కులం చూసుకుని పెళ్ళి చేసుకునే వీలు చాలామందికి లేకపోయింది. ఊరు, ఊరిబయట పల్లె అన్న అమరిక అక్కడ లేదు. ఆ మేరకు కులం చితికింది. పూర్తిగా చావలేదు. కాస్త నిలదొక్కుకున్నాక పెళ్ళిసంబంధాల్లో, ఇంటిపేర్లలో తొంగిచూసింది. రిజిస్టరులో కులం గడి ఉన్నంతకాలం ఎవరికి వారు దాన్ని గుర్తుంచుకున్నారు కూడా.

అన్నీ సవ్యంగా ఏమీ సాగలేదు. ఇండియా నుంచి వి.సి. జాకబ్ అనే మరో పాస్టరు వచ్చాక పనిలో చీలిక వచ్చింది. 1914లో రంగయ్య వైపు సంఘాలు నేటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. ఇంటి దగ్గరి సొసైటీ మాట వినాలా, కొత్త దేశంలో తామే నిర్ణయించుకోవాలా అన్న తగువు ఇలాంటి చీలికల్లో ఎప్పుడూ ఉంటుంది. అంటే పదేళ్ళలోనే వాళ్ళు పంపబడ్డవాళ్ళుగా ఉండటం మానేసి అక్కడివాళ్ళు అవుతున్నారు. 1915లో రంగయ్య చనిపోయారు. పన్నెండేళ్ళ పని. ఆయన కొడుకు టి.ఎం. రంగయ్య అక్కడే పెరిగి, అక్కడే పాస్టరై సంఘాలను నడిపారు.

ఆ మధ్యలోనే 1913 సమ్మె. 3 పౌన్ల పన్నుకు వ్యతిరేకంగా బొగ్గు గనుల్లో మొదలై తీరపు చెరకు తోటలకు పాకింది. వేలమంది కూలీలు పని ఆపేశారు. 1914లో పన్ను రద్దయింది. ఈ సమ్మె కథ ఎక్కువగా గాంధీ కథగా చెబుతారు. పని ఆపి దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు ఆ ఓడ జాబితాల్లోని నంబర్ల కింద ఉన్నాయి. అందులో తెలుగు దళితులవీ ఉన్నాయి.

తర్వాతి కాలం గబగబా చెప్పుకుందాం. భారతీయులు ఆ దేశపు శాశ్వత ప్రజలని దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో, మొదటి ఓడ దిగిన నూటొక్క ఏళ్ళకు. ఈలోపు 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో కుటుంబాలను పీకి చాట్స్‌వర్త్‌లో, ఆ తర్వాత ఫీనిక్స్‌లో పడేశారు. గుళ్ళు వాళ్ళ వెంటే పోయాయి. ఆరాధన తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మారింది. నేటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరుంది. అచ్చులో దాని స్పెల్లింగు తప్పు పడింది.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ తెలుగు మిషన్ ఆఫ్రికన్ల వైపు పెద్దగా చూడలేదు. పిలుపు తెలుగు కూలీల నుంచి వచ్చింది, నిజమే. చట్టాలూ మనుషుల్ని విడదీసే ఉంచాయి, అదీ నిజమే. ఐనా 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య చెలరేగిన హింసలో 142 మంది చనిపోయారు. పక్కపక్కనే తొమ్మిది దశాబ్దాలు బతికినవాళ్ళ మధ్య ఎంత దూరం ఉండిపోయిందో ఆ లెక్క చెబుతుంది.

రంగం గురించి రెండు ముక్కలు. కోస్తా పల్లెల్లో 'రంగం పోయాడు' అంటే రంగూన్‌కు కూలికి పోయాడని. కోరంగి రేవు నుంచి పోయేవారు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అన్నారు. వాళ్ళ మధ్య కెనడియన్ బాప్టిస్టు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు పని చేశారు, తెలుగు సంఘాలు లేచాయి. 1930 మే నెలలో రేవు కూలి తగువు తెలుగువాళ్ళ మీద దాడులుగా మారింది. 1942లో జపాను సైన్యం వచ్చేసరికి లక్షలమంది నడిచి ఇండియాకు పారిపోయారు. స్థిరపడటం అన్నమాట ఎంత పెళుసుదో తెలుసుకోవాలంటే నేటాల్‌ను, రంగాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

శుక్రవారం ఆరాధన

ఇప్పుడు వరంగల్, మహబూబాబాద్, జనగామ పల్లెల నుంచి పోతున్నవాళ్ళ సంగతి. దారి మారలేదు. ముందు పని, తర్వాత గుడి. డ్రైవరుగా, ఇంటి పనికి, ఆసుపత్రిలో నర్సుగా గల్ఫ్‌కు పోతారు. అక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ప్రార్థన కూడిక మొదలవుతుంది. చాలాచోట్ల ఆరాధన శుక్రవారం, ఎందుకంటే సెలవు శుక్రవారమే. 2022 జనవరి నుంచి యూఏఈ వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చాక అక్కడి సంఘాలు మళ్ళీ వేళలు సర్దుకున్నాయి. సర్కారు అనుమతించిన కాంపౌండులో ఒకే హాలును గంటల లెక్కన తెలుగు, తమిళం, మలయాళం, టగాలోగ్ సంఘాలు పంచుకుంటాయి. ముస్లింల మధ్య మత ప్రచారం అక్కడ నేరం. కాబట్టి 'మిషన్ ట్రిప్' అని పోస్టరు వేసుకుని పోయేవాళ్ళు ఈ కూడికలకు చేసే మేలు కంటే ముప్పు ఎక్కువ.

అమెరికాకు మత సేవకుడిగా పోవాలంటే ఆర్-1 వీసా ఉంది. పిలిచే సంస్థ అక్కడ పన్ను మినహాయింపు ఉన్న మత సంస్థ అయి ఉండాలి. పోయే మనిషి అదే డినామినేషన్‌లో కనీసం రెండేళ్ళు సభ్యుడై ఉండాలి. మొదట 30 నెలలు, పొడిగిస్తే మొత్తం ఐదేళ్ళు. మన పల్లె పాస్టర్లలో చాలామందివి స్వతంత్ర సంఘాలు. రెండేళ్ళ సభ్యత్వం కాగితం మీద చూపడమే వాళ్ళకు కష్టం. ఏజెంటు మాట నమ్మి పొలం అమ్ముకునేముందు ఈ రెండు షరతులూ చూసుకోండి.

చదువుకు పోయే పిల్లలకు చిక్కు ఇంకోచోట ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ గీత చెరిపారు, క్రైస్తవులకూ ముస్లింలకూ చెరపలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. 2022లో మళ్ళీ జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. తెలుగు రాష్ట్రాల్లో మారిన దళితులు బీసీ-సి. కాబట్టి తెలంగాణలో ఎస్సీలకిచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వాళ్ళకు అందదు, మైనారిటీల పథకం కిందో బీసీల పథకం కిందో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎస్సీ సర్టిఫికెట్ నిలుపుకోవడానికి కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకున్న తరం మాది. 1903లో ఓడ గుమాస్తా క్రిస్టియన్‌ను కులం గడిలో రాశాడు. 1950 తర్వాత మన గుమాస్తా, క్రిస్టియన్‌వైతే నీకు ఆ కులమే లేదు పొమ్మన్నాడు. పెళ్ళి ప్రకటనల్లో మాత్రం 'క్రిస్టియన్ మాల', 'క్రిస్టియన్ మాదిగ', 'కమ్మ క్రిస్టియన్' అని ఆదివారం ఆదివారం అచ్చవుతూనే ఉంది.

మా చిన్నప్పుడు మా పల్లెకు విదేశాల నుంచి ఒక బృందం పదిరోజుల ట్రిప్‌కు వచ్చింది. మమ్మల్ని చెప్పులు విప్పి వరసగా నిలబెట్టి ఫొటోలు తీశారు. మా దగ్గర చెప్పులు ఉన్నాయి. విప్పించారు. ఈమధ్య మన కుర్రాళ్ళు కొందరు ఆఫ్రికా దేశాలకు అట్లాంటి ట్రిప్‌లకే పోయి, అక్కడి పిల్లల్ని అట్లాగే నిలబెట్టి తీసిన ఫొటోలు వాట్సాప్‌లో పంపుతున్నారు. చూసిన ప్రతిసారీ మాకు ఆ చెప్పులే గుర్తొస్తాయి.

ఈ విషయం మీద పని చేయాలనుకునే విద్యార్థులకు కొన్ని ఆధారాలు చెప్పి ముగిస్తాం. నేటాల్ ఓడ జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి, కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు. ఊరి పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల చెవికి వినబడ్డట్టు రాశారు కాబట్టి గట్టిగా పైకి చదివితేనే పోల్చుకోగలం. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' దొరకబుచ్చుకుని చదవండి. అందులో పేరయ్య ఉన్నారు. అన్నిటికంటే ముందు మీ ఊరి గుళ్ళో బీరువా తెరిపించండి. బాప్తిస్మం రిజిస్టర్లు, కానుకల పద్దులు, బయటి నుంచి వచ్చిన ఉత్తరాలు చాలాచోట్ల ఇంకా చెదలు పట్టకుండా మిగిలే ఉన్నాయి. మేము చూసిన ఒక పద్దుల పుస్తకంలో ఒక పేజీ నిండా వరసగా ఆడవాళ్ళ పేర్లు, ఎదురుగా సోలెడు, గిద్దెడు అని బియ్యం కొలతలు ఉన్నాయి. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎక్కడికి పంపారో చెప్పే పేజీ చిరిగిపోయింది. దాన్ని చూసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఒకరిద్దరు ఉన్నారట, వచ్చే నెల పోవాలి.